టీచరు ఉద్యోగానికి ఇంత గిరాకీ, టీచరు పనికి ఎందుకు లేదు?

2025 ఏప్రిల్ 20న ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్ష అయిన మెగా డీఎస్సీకి నోటిఫికేషన్ వచ్చింది. పోస్టులు 16,347. పోటీకి దిగినవాళ్లు మూడు లక్షల ముప్పై వేల పైమాటే. ఒక్కొక్కరు రెండు మూడు పోస్టులకు పెట్టుకోవడంతో దరఖాస్తులు ఐదు లక్షల డెబ్బై వేలు దాటాయి. పోస్టుకు ఇరవై మంది అన్నమాట. అంతకు ముందు ఏడాది తెలంగాణలో 11,062 పోస్టులకు జరిగిన డీఎస్సీకీ రెండున్నర లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. టీచరు ఉద్యోగమంటే ఈ తరానికి ఇష్టం లేదనే మాట ఈ అంకెల ముందు నిలవదు.

ఇదే చదువు, ఇవే సర్టిఫికెట్లు ఉన్న మనిషిని ఒక ప్రైవేటు బడిలో చూస్తే బొమ్మ తిరగబడుతుంది. చిన్న పట్టణాల్లో ప్రాథమిక తరగతులు చెప్పే ప్రైవేటు టీచరు జీతం 8 వేల నుంచి 15 వేల మధ్య ఉంటుంది. అదే ఊళ్లో తాపీమేస్త్రీకి నెలలో ఇరవై రోజులు పని దొరికితే అంతకన్నా ఎక్కువే వస్తుంది. కరోనా కాలంలో బడులు మూతపడి ప్రైవేటు టీచర్లు కూలికీ, కూరగాయల బండికీ పోతుంటే, 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వాళ్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల సన్నబియ్యం ఇచ్చింది. ఆ సాయం వాళ్లకు నిజంగా అవసరమైంది. డిగ్రీ, బీఈడీ చదివి పిల్లలకు పాఠాలు చెప్పే మనిషి ఒక్క ఏడాది బడి లేకపోతే బియ్యం కోసం ఎదురుచూడాల్సి వచ్చిందంటే, ఆ పనికి సమాజం కట్టిన వెల ఏమిటో అక్కడే బయటపడింది.

మన దగ్గర గౌరవం ఉన్నది పే స్కేలుకు. పాఠం చెప్పే పనికి విడిగా గౌరవం ఇంకా ఏర్పడలేదు. వృత్తి చుట్టూ ఉన్న చాలా చిక్కులు ఈ ఒక్క తేడా నుంచే పుట్టాయి.

స్కేలు తెచ్చిన గౌరవం

పాతకాలపు వీధిబడి అయ్యవారికి ఊరు దండం పెట్టేది కానీ జీతం ఇచ్చేది కాదు. దసరాకు పిల్లల్ని వెంటేసుకుని ఇల్లిల్లూ తిరిగితే వచ్చే మామూలే ఏడాది ఆదాయంలో పెద్ద భాగం. ‘బతకలేక బడిపంతులు’ అన్న సామెత ఊరికే పుట్టలేదు. 1980ల తర్వాత కూడా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 398 రూపాయల మీద స్పెషల్ టీచర్లను పెట్టుకున్నారు. ఆ కాలానికి నోషనల్ ఇంక్రిమెంట్లు (కాగితం మీద లెక్కగట్టే జీతం పెంపులు) కలపాలని వాళ్లు రిటైరయ్యేదాకా అడుగుతూనే ఉన్నారు. ఉపాధ్యాయ సంఘాల్లో ఇప్పటికీ వాళ్లను ‘398 టీచర్లు’ అనే పిలుస్తారు.

సామెతను మార్చింది వరసగా వచ్చిన వేతన సవరణ సంఘాలు, అంటే పీఆర్సీలు. 2022 వేతన సవరణ ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ప్రాథమిక తరగతులు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచరు, అంటే ఎస్‌జీటీ, స్కేలు 32,670 నుంచి 1,01,970 వరకు. హైస్కూల్లో సబ్జెక్టు చెప్పే స్కూల్ అసిస్టెంటుది 44,570 నుంచి 1,27,480 వరకు. తెలంగాణలో 2020 పీఆర్సీ ప్రకారం ఎస్‌జీటీకి 31,040, స్కూల్ అసిస్టెంటుకు 42,300 మొదలు. డీఏ (కరువు భత్యం), పల్లెల్లో ఇచ్చే హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) కలిపి, సీపీఎస్ అనే వాటా పెన్షన్ పథకం కింద మూల వేతనం, డీఏల మీద పట్టే 10 శాతం, వృత్తి పన్ను, బీమా కోతలు తీసేస్తే కొత్త ఎస్‌జీటీ చేతికి నలభై వేలు అటూ ఇటూగా వస్తుంది. అదే ఊరి ప్రైవేటు బడి జీతంతో పోలిస్తే మూడు నాలుగు రెట్లు. దానికి తోడు సెలవులు, ప్రసూతి సెలవు, బ్యాంకులో పే స్లిప్ చూపించగానే ఇంటి అప్పు. ‘గవర్నమెంటు టీచరు సంబంధం’ అన్న మాటకు పెళ్లిళ్ల మార్కెట్లో ఉన్న బలం అంతా దీన్నుంచి వచ్చిందే.

ఒక్క మచ్చ ఉంది. 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరినవాళ్లకు పాత పెన్షన్ లేదు. డీఎస్సీ-2003 నోటిఫికేషన్ ఆ తేదీకి ముందే వచ్చినా, నియామకాలు ఆలస్యమై ఆ బ్యాచ్ మొత్తం సీపీఎస్‌లో పడింది. ఆలస్యం ప్రభుత్వానిది, నష్టం టీచరుది. ఈ బాధ రెండు దశాబ్దాలుగా నలుగుతూనే ఉంది.

ఎదురుచూపుల ఖరీదు

స్కేలు ఎంత మంచిదైనా అది ఎప్పుడు దొరుకుతుందో తెలియకపోవడమే ఈ వృత్తిని ఎంచుకునేవాళ్లకు అసలు కష్టం. ఆంధ్రప్రదేశ్‌లో 2018 డీఎస్సీ తర్వాత 2025లో గానీ నియామకాలు జరగలేదు. తెలంగాణలో 2017 టీఆర్‌టీ (అక్కడ అప్పట్లో డీఎస్సీ పేరు) తర్వాత 2024. రెండు చోట్లా ఏడేళ్లే. ఇంటరయ్యాక ప్రాథమిక టీచర్ల రెండేళ్ల కోర్సు డీఈడీ చేసి ఇరవై ఏళ్లకు బయటికొచ్చిన అమ్మాయికి మొదటి అవకాశం ఇరవై ఏడేళ్లకు వస్తుంది. అది తప్పితే తర్వాతిది ఎప్పుడో చెప్పేవాళ్లు లేరు. అందుకే వయోపరిమితి పెంచుకుంటూ పోవాల్సి వచ్చింది. జనరల్‌కు ఆంధ్రప్రదేశ్ 2025 డీఎస్సీలో 44, తెలంగాణ 2024 డీఎస్సీలో 46. డీఎస్సీ-98 రాసి కోర్టుల చుట్టూ తిరిగిన అభ్యర్థులకు 2023లో మినిమం టైం స్కేలు (స్కేలులో మొదటి మెట్టు జీతం) మీద కాంట్రాక్టు పోస్టులు దొరికేసరికి చాలామంది యాభై దాటేశారు. కొందరికి రిటైర్మెంటు రెండు మూడేళ్ల దూరంలో ఉంది.

ఈ ఎదురుచూపుల కాలం ఎలా గడుస్తుందో తెలియాలంటే కృష్ణా జిల్లా అవనిగడ్డ వెళ్లాలి. నోటిఫికేషన్ వస్తుందన్న వార్త చాలు, ఊరు నిండిపోతుంది. ఇళ్లు హాస్టళ్లవుతాయి, మేడమీద గదులు స్టడీ హాళ్లవుతాయి. పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలొచ్చిన తల్లులు ఆరో తరగతి సాంఘికశాస్త్రం పుస్తకాన్ని పంక్తి పంక్తీ బట్టీపడుతుంటారు. నోటిఫికేషన్ వాయిదా పడితే ఊరు ఖాళీ. కట్టిన ఫీజు, మానేసిన ప్రైవేటు ఉద్యోగం వాళ్ల ఖాతాలోకే.

టీచరు కోర్సులో చేరేముందు ఒక విషయం సరిచూసుకోవాలి. 2018 జూన్‌లో టీచర్ల అర్హతలు నిర్ణయించే జాతీయ మండలి ఎన్‌సీటీఈ బీఈడీ వాళ్లకూ ప్రాథమిక టీచరు అర్హత ఇచ్చింది. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఒకటి నుంచి ఐదు తరగతులు చెప్పాలంటే డీఈడీయే కావాలి. ఈ తీర్పు తెలియక ఎస్‌జీటీ పోస్టు మీద ఆశతో బీఈడీలో చేరేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. రెండేళ్లు చదివాక వాళ్లకు మిగిలేది స్కూల్ అసిస్టెంటు పోటీ ఒక్కటే. అందులో సబ్జెక్టును బట్టి పోస్టుల సంఖ్య దారుణంగా మారుతుంది. జిల్లాలో ఒక సబ్జెక్టుకు వంద పోస్టులుంటే ఇంకోదానికి పదీ ఉండవు. డిగ్రీలో తీసుకునే గ్రూపు దగ్గరే ఈ లెక్క మొదలవుతుంది.

52 లోంచి 38 తీస్తే 26

రెండో తరగతిలో తీసివేత నేర్పిన మర్నాడు పలకలు చూస్తే ఒకరిద్దరైనా ఈ జవాబు రాసి ఉంటారు. 52 – 38 = 26. తప్పని ఇంటు పెట్టడం ఎవరైనా చేయగలరు. పనెరిగిన టీచరు ఆ 26 ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తుంది. ఒకట్ల స్థానంలో 2 లోంచి 8 పోదు కాబట్టి పిల్లవాడు తిప్పేసి 8 లోంచి 2 తీశాడు, 6 వచ్చింది. పదుల్లో 5 లోంచి 3, రెండు వచ్చింది. వాడికి తీసివేత రాకపోవడం కాదు, ‘పెద్ద అంకెలోంచి చిన్న అంకె’ అనే సొంత సూత్రం ఒకటి వాడి బుర్రలో ఉంది. ఆ సూత్రం పోకుండా ‘పక్కింట్లో అప్పు తెచ్చుకో’ అని వందసార్లు చెప్పినా ఆ రోజుకు ఒప్పుగా చేస్తాడు, వారానికి మళ్లీ 26 దగ్గరికే వస్తాడు.

మందు చీపురుపుల్లల్లో ఉంది. పదేసి పుల్లలు కట్టిన ఐదు కట్టలు, విడిగా రెండు పుల్లలు ముందు పెట్టి ముప్పై ఎనిమిది తీసి ఇమ్మనాలి. విడి పుల్లలు రెండే ఉన్నాయి, ఎనిమిది కావాలి. కాసేపు చూసి కట్ట విప్పేది వాడే కావాలి, టీచరు విప్పకూడదు. విప్పితే నాలుగు కట్టలు, పన్నెండు పుల్లలు. ఎనిమిది తీస్తే నాలుగు, మూడు కట్టలు తీస్తే ఒకటి. పద్నాలుగు. తర్వాత అదే లెక్క పుల్లలతో చేస్తూ పక్కనే పలక మీద రాయించాలి, ఆ తర్వాతే పుల్లలు తీసేయాలి. ఈ మధ్య మెట్టు వదిలేస్తే పుల్లల లెక్క ఒకటి, పలక లెక్క ఒకటి అని పిల్లవాడు విడివిడిగా దాచుకుంటాడు. ఎక్కువ తరగతి గదుల్లో చెడేది ఇక్కడే. ఒక్క పిల్లవాడికి పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ మిగతా తరగతికి చేతినిండా పని ఉండేలా ముందే చూసుకోవాలి.

ఇది నైపుణ్యం. రోగం కనిపెట్టడానికీ దీనికీ తేడా లేదు. కానీ డాక్టరు పని మనం దూరం నుంచి చూస్తాం, టీచరు పనిని పదేళ్లు బెంచీ మీద కూర్చుని చూశాం. చూసిందంతా తెలిసినట్టే అనిపిస్తుంది. ‘ఒకటో తరగతికి చెప్పడానికి ఏముంది, ఎవరైనా చెప్తారు’ అన్న మాట చదువుకున్న ఇళ్లలోనూ వినిపించేది అందుకే. పని కనబడనిచోట గౌరవం పే స్లిప్‌ను వెతుక్కుంటుంది.

ప్రభుత్వం కూడా ఈ నైపుణ్యాన్ని చూడదు, ఇది ఇంకా బాధాకరం. టీచర్ల అర్హత పరీక్ష టెట్‌లో 150 ప్రశ్నలు. జనరల్‌కు 90, బీసీలకు 75, ఎస్సీ, ఎస్టీలకు 60 మార్కులు వస్తే అర్హత. డీఎస్సీలో 160 ప్రశ్నలు, అర మార్కు చొప్పున 80. టెట్ వెయిటేజీ 20. మొత్తం వంద. ఈ వందలో అభ్యర్థి ఒక్క పాఠం చెప్పి చూపించే సందర్భం లేదు. పిల్లల బుద్ధి ఎదుగుదలకు మనస్తత్వవేత్త పియాజే చెప్పిన దశలు ఎన్ని అని అడుగుతారు. ఆ దశలో ఉన్న పిల్లవాడు 26 ఎందుకు రాశాడో అడగరు. అర మార్కు తేడాతో వందల ర్యాంకులు మారిపోయే పోటీలో సహజంగానే కోచింగ్ జ్ఞాపకశక్తికే ఇస్తారు. డీఈడీలో ఉన్న బోధనాభ్యాసం రికార్డుల్లో నిండుగా ఉంటుంది, చాలా కాలేజీల్లో బడిలో మాత్రం జరగదు. ఏడేళ్లు ఎదురుచూసి, లక్షల మందిని దాటుకుని వచ్చిన తెలివైన మనిషి ఒకటో తరగతి గదిలో మొదటి రోజు చేతులెత్తేయడం వాళ్ల తప్పు కాదు.

బడిలోకి వచ్చాక

విద్యాహక్కు చట్టం సెక్షన్ 27 ప్రకారం టీచర్లకు జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప వేరే పని చెప్పకూడదు. అయినా 2020 మేలో విశాఖ జిల్లాలో మద్యం దుకాణాల ముందు క్యూలు సరిచేసే పనికి టీచర్లను పంపారు.  2024 నవంబరులో తెలంగాణ ఇంటింటి కులసర్వేకు 36 వేలకు పైగా ఎస్‌జీటీలను తీసుకుని, ప్రాథమిక బడులను ఒంటిపూట చేశారు. హైస్కూలు టీచర్లను కదపలేదు. ఎవరి పని ఆగినా పరవాలేదని అనుకున్నారో ఆ ఎంపికలోనే ఉంది.

మామూలు రోజుల్లో పని ఫోన్‌లో మొదలవుతుంది. ముఖం చూపించి హాజరు, పిల్లల హాజరు, భోజనం చేసినవాళ్ల సంఖ్య, గుడ్ల లెక్క, చిక్కీల లెక్క, కిట్లకు బూట్ల కొలతలు. ఆంధ్రప్రదేశ్‌లో కొంతకాలం మరుగుదొడ్ల ఫొటోలు తీసి యాప్‌లో ఎక్కించడం కూడా టీచర్ల పనే. ఏజెన్సీ ఊళ్లలో సిగ్నల్ కోసం గుట్టెక్కాలి. హైస్కూల్లో ఈ పనులు పదిమంది పంచుకుంటారు. ఏకోపాధ్యాయ బడిలో ఐదు తరగతులూ, ఈ లెక్కలూ ఒక్క మనిషి మీదే. పైన చెప్పిన పుల్లల పది నిమిషాలు పోయేది సరిగ్గా ఇక్కడే. ఆ తర్వాత తల్లిదండ్రులు ‘సారెప్పుడూ ఫోన్ చూస్తుంటాడు’ అంటారు. వాళ్లు చూసింది నిజమే. ఆ ఫోన్‌లో ఏముందో వాళ్లకు తెలియదు.

పిల్లల్ని తీసుకెళ్లి ప్రైవేటులో చేరుస్తారు, అడ్మిషన్లు తగ్గుతాయి, పిల్లలు తగ్గితే, సంఖ్యను బట్టి టీచర్లను సర్దే హేతుబద్ధీకరణలో పోస్టు పోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నాటి జీవో 117తో 3, 4, 5 తరగతులు హైస్కూళ్లకు తరలిపోయినప్పుడు చాలా ఊళ్ల బడుల్లో ఒకరే మిగిలారు. 2025లో ఆ జీవోను తీసేసి కొత్త అమరిక తెచ్చారు. ఇక్కడ టీచర్లు కూడా ఒప్పుకోవాల్సిన మాట ఒకటుంది. మా బడిలో చేర్చండని ఇల్లిల్లూ తిరిగే టీచరు పిల్లలు ఏ బడికి వెళ్తున్నారో ఊరంతా చూస్తుంది. కారణాలు ఎన్ని ఉన్నా, ఆ ఒక్క దృశ్యం పది కరపత్రాల మాటను కొట్టేస్తుంది.

నిచ్చెన ఎటు వేసి ఉంది

ఎస్‌జీటీకి పదోన్నతి అంటే స్కూల్ అసిస్టెంటు, దానికి బీఈడీ కావాలి. లేదా ప్రాథమిక పాఠశాల హెడ్మాస్టరు, అంటే ఎల్‌ఎఫ్‌ఎల్ హెచ్‌ఎం. స్కూల్ అసిస్టెంటు నుంచి గెజిటెడ్ హెచ్‌ఎం. ఆపైన మండల విద్యాధికారి, అంటే ఎంఈఓ, కావాలంటే ప్రభుత్వ టీచర్లకూ పంచాయతీరాజ్ టీచర్లకూ మధ్య ఉమ్మడి సర్వీసు రూల్స్ కేసులు అడ్డం. తెలంగాణలో చాలా మండలాలు ఏళ్ల తరబడి ఇన్‌చార్జి ఎంఈఓల చేతుల్లోనే నడిచాయి. పదోన్నతి రానివాళ్లకు 6, 12, 18, 24 ఏళ్లకు ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ స్కేళ్లు ఉన్నాయి. డబ్బు కొంత కదులుతుంది, హోదా కదలదు.

ఈ నిచ్చెనలో అసలు లోపం దాని దిశ. ఒకటో తరగతి పిల్లలకు చదవడం, రాయడం నేర్పడంలో జిల్లాకే పేరున్న టీచరును గుర్తించాలంటే, మన దగ్గర ఉన్న ఒకే దారి ఆమెను ఆ తరగతి నుంచి తీసేయడం. హైస్కూలుకు పంపి ఎనిమిదో తరగతి సాంఘికశాస్త్రం చెప్పిస్తాం, తర్వాత హెచ్‌ఎంను చేసి అసలు చెప్పనివ్వం. ఎస్‌జీటీకీ స్కూల్ అసిస్టెంటుకూ మొదటి మూల వేతనంలో ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న 11,900 రూపాయల తేడా ఊరికి ఒక మాట చెబుతుంది, చిన్న పిల్లలకు చెప్పడం చిన్న పని అని. నిజానికి చదవడం రాకుండా ఆరో తరగతికి వచ్చిన పిల్లవాణ్ని ఏ స్కూల్ అసిస్టెంటూ పూర్తిగా సరిచేయలేడు.

బదిలీల విషయం త్వరగా చెప్పుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో బదిలీలకు చట్టం వచ్చింది. ఒకే బడిలో టీచరు ఎనిమిది విద్యా సంవత్సరాలు, హెచ్‌ఎం ఐదు దాటకూడదు. బదిలీలో ఎవరు ముందో పాయింట్లు తేలుస్తాయి, సౌకర్యం ఉన్న ఊళ్లో ఏడాదికి ఒక పాయింటు, రోడ్డు లేని ఊళ్లో ఐదు. సిఫారసు ఉత్తరాలతో నడిచిన పాత పద్ధతి కన్నా ఇది ఎంతో మేలు. తెలంగాణలో 2021 డిసెంబరు నాటి జీవో 317 మాత్రం పెద్ద గాయం. టీచర్లను సీనియారిటీ లెక్కన కొత్త జిల్లాలకు పంచేయడంతో జూనియర్లు సొంత జిల్లా కోల్పోయారు. 13 జిల్లాల్లో, దంపతులను ఒకే జిల్లాకు చేర్చే స్పౌజ్ బదిలీలు ఆపేయడంతో భార్య ఒక జిల్లాలో, భర్త ఒక జిల్లాలో ఏళ్లు గడిపారు.

ప్రైవేటు టీచరుకు ఉన్న కాగితం రక్షణ

1994 జనవరి 1 నాటి జీవో నంబరు 1 ప్రకారం ప్రైవేటు బడి వసూలు చేసే ఫీజులో 50 శాతం సిబ్బంది జీతాలకు, 15 శాతం గ్రాట్యుటీ, పీఎఫ్, బీమా లాంటి వాటికి, 15 నిర్వహణకు, 15 అభివృద్ధికి పోవాలి. యాజమాన్యానికి మిగిలేది 5. ఇరవై మంది టీచర్లున్న బడిలో 500 మంది పిల్లలు తలా 30 వేలు కడితే ఆదాయం కోటిన్నర, జీతాల వాటా 75 లక్షలు. ఆయా, డ్రైవరు, గుమస్తాలకు 15 లక్షలు తీసేసినా టీచరుకు నెలకు 25 వేలు రావాలి. వచ్చేది అందులో సగం. వేసవి రెండు నెలలు అదీ ఉండదు. ఫిబ్రవరి నుంచి అడ్మిషన్ల టార్గెట్లు, ఎండలో ఇంటింటి ప్రచారం, మధ్యలో మానేయకుండా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆఫీసులో తాకట్టు. జీతాలు బ్యాంకు ఖాతాలోనే వేయాలనీ, ఆ స్టేట్‌మెంటు గుర్తింపు రెన్యువల్‌కు జతచేయాలనీ ఒక్క షరతు గట్టిగా పెడితే ఈ పరిస్థితి చాలావరకు మారుతుంది. ప్రైవేటు బడి జీతం బతకగలిగేంతగా ఉంటే డీఎస్సీ కోసం ఏడేళ్లు యవ్వనం పోగొట్టుకోవాల్సిన అవసరమూ తగ్గుతుంది.

ఇక పాఠం చూసి ఎంపిక చేయడం. ఒకప్పుడు డీఎస్సీలో ఉన్న ఇంటర్వ్యూ సిఫారసుల భయంతో పోయింది. ఆ భయం న్యాయమైనదే. అందుకే ఇంటర్వ్యూ వద్దు, పాఠం చాలు. పోస్టుకు ముగ్గుర్ని పిలిచినా 16,347 పోస్టులకు 49 వేల పాఠాలు. ఒక్కొక్కటి 15 నిమిషాలు. ఒక బృందం రోజుకు 16 చూస్తే, పాత 13 జిల్లాల్లో పదేసి బృందాలు 24 రోజుల్లో ముగించగలవు. పాఠం అంశం అప్పటికప్పుడు చీటీ తీయాలి, బృందం వేరే జిల్లాది కావాలి, మొత్తం వీడియో తీయాలి, వందలో పది మార్కులు మించకూడదు. ముందు కూర్చునేది జిల్లా టీచరు శిక్షణ సంస్థ డైట్ పక్కనే ఉండే బడి పిల్లలు, నిజమైన పిల్లలు కావాలి. ఏడేళ్లు ఆగిన ప్రక్రియకు ఇంకో నెల భారం కాదు.

2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు, ఐదేళ్లకు మించి సర్వీసు మిగిలిన పాత టీచర్లు కూడా రెండేళ్లలో టెట్ పాసవ్వాలని చెప్పింది. పాసవ్వకపోతే ఉద్యోగం వదులుకోవాలి. టెట్ పుట్టకముందే చేరి ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నవాళ్లు ఇప్పుడు మళ్లీ గైడ్లు కొనుక్కుని, పిల్లలు వెళ్లాక అదే తరగతి గదిలో కూర్చుని పియాజే దశలు వల్లెవేసుకుంటున్నారు. వాళ్ల గడువు 2027 ఆగస్టు ఆఖరు. అన్నేళ్లు వాళ్లు చెప్పిన పాఠాలను ఎవరూ వచ్చి చూడలేదు, ఈ పరీక్షలోనూ చూడరు.